భీమమ్మ నోరు

నారాయణఖేడ్ బస్టాండు పక్క సందులో ఆబెదా జొన్నరొట్టెల కొట్టు ఉంది. పొద్దెక్కేసరికి పొయ్యిలన్నీ అంటుకుంటాయి. రొట్టెలు చేసే ఆడవాళ్లు వరుసగా కూర్చుని పిండి చరుస్తూ ఊరి సంగతులన్నీ మాట్లాడుకుంటారు. చివరి పొయ్యి ముందు కూర్చునే భీమమ్మ మాత్రం ఒక్క మాటా కలిపేది కాదు. కొత్తలో ఆమె కొంగును నోటికి అడ్డంగా తెచ్చి, చెవి వెనక దోపుకుని పని చేసేది. పెనం మీదికి వంగినప్పుడల్లా అది జారేది. చేతికి పిండి ఉందని కూడా చూడకుండా మళ్లీ లాక్కునేది. సాయంత్రానికి మూతి చుట్టూ పిండి ఎండిపోయి, పొరలు పొరలుగా రాలేది.

కొంగు కింద ఆమెకు ముందు పళ్లు లేవు. పైవీ లేవు, కిందివీ లేవు. వాటిని ఆమె సొంత ఊరివాళ్లు పీకారు.

ఆమెది మనూర్ దిక్కున ఒక చిన్న ఊరు. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు సంగమేశ్. కోడలు, బడికి పోయే మనవరాలు. ఊరి చివరి వాడలో ఇల్లు. భీమమ్మ జగదీశ్వర్ పటేల్ చేలలో కూలికి పోయేది. కందిలో కలుపు తీస్తున్నా, పత్తి ఏరుతున్నా నోట్లో ఏదో ఒక పాట ఆడుతూనే ఉండేది. పాడమంటే గొంతెత్తి పాడేది. ఎవరూ అడగకపోతే పెదవులు కదుపుతూ తనలో తాను పాడుకునేది. బతుకమ్మ నాడు పెద్దిళ్ల ఆడవాళ్లు కూడా, "భీమమ్మ రానీయుండ్రి" అని ఆగేవాళ్లు.

అట్లా కదిలే పెదవులే ఆమె ప్రాణం మీదికి తెచ్చాయి.

జగదీశ్వర్ చిన్న కోడలు సునీతకు ఉన్నట్టుండి మూర్ఛలు మొదలయ్యాయి. నడుస్తూ నడుస్తూ పడిపోయేది. కళ్లు తేలేసి, నోట్లోంచి నురుగు కక్కేది. ఆమెను పెద్ద దవాఖానకు తీసుకుపోలేదు. కంగ్టి దాటి, కర్ణాటకలో ఉన్న ఒక భూతవైద్యుడి దగ్గరకు తీసుకుపోయారు. అతను సునీత కళ్లలోకి చాలాసేపు చూసి, "మీ చేన్ల పనిజేసే ఆడమనిషి ఒకతె ఉంటది. ఊకె నోట్లె నోట్లె గొణుగుతుంటది. ఆమెను చూసుకోండ్రి" అన్నాడు. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. ఆ వానాకాలంలోనే పటేల్ బర్రె చచ్చిపోయింది. పక్క వీధిలో ఒక పసిపిల్ల జ్వరంతో పోయింది. బాణామతి, చేతబడి అన్న మాట ముందు ఆడవాళ్ల నోట, తర్వాత మగవాళ్ల నోట వినిపించింది.

ఒకరోజు పొద్దున భీమమ్మ నల్లా దగ్గర బిందె పెట్టుకుని నిలబడి ఉండగా వచ్చి జుట్టు పట్టుకున్నారు. పాలకేంద్రం ముందున్న కరెంటు స్తంభానికి కట్టేశారు. అది పాలు పోసే వేళ. జనం క్యాన్లు పట్టుకుని నిలబడి చూశారు. ఎవరో మోటారు సైకిలు నుంచి సీసాలోకి పెట్రోలు దింపారు. తర్వాత ఆ సీసా పక్కన పెట్టి, పట్కారు తెప్పించారు. పళ్లు పీకితే మంత్రం నోట్లో నిలవదని ఆ దిక్కున ఒక నమ్మకం.

మనూర్ నుంచి నారాయణఖేడ్‌కు ఆటో నడిపే మత్తయి ఆ దారినే వచ్చి, కట్టు విప్పి, ఆమెను ఆటోలో వేసుకుని దవాఖానకు తెచ్చాడు. దారి పొడుగునా ఆమె నోట్లోంచి కారిన నెత్తురు ఆటో సీటులోకి ఇంకిపోయింది. మత్తయి చాలాసార్లు కడిగాడు గాని ఆ సీటు మారిస్తే తప్ప వాసన పోలేదు.

కేసయింది. జగదీశ్వర్‌ను, మరికొందరిని తీసుకుపోయారు. వాళ్లు బెయిలు మీద తిరిగొచ్చి, మళ్లీ అదే పాలకేంద్రంలో పాలు పోస్తున్నారు. సంగమేశ్ దవాఖానకు వచ్చి, తల్లి మంచం పక్కన తల దించుకుని నిలబడి, "అవ్వా, కొన్ని దినాలు నువ్వు ఖేడ్‌లనే ఉండు" అన్నాడు. కొన్ని దినాలంటే ఎన్ని అని ఆమె అడగలేదు. అప్పటికింకా నోరు తెరవడం ఆమెకు చేతకాదు.

సిద్రా ఆమెను మొదట చూసింది అక్కడే. సిద్రా ఆబెదా కూతురు. హైదరాబాద్‌లో చదువుకుని వచ్చి, దెబ్బలు తిన్న ఆడవాళ్లకు తోడుండి వాళ్ల మనసులు కుదుటపరిచే ఒక సంస్థలో పనిచేస్తోంది. ప్రతి మంగళవారం ఖేడ్‌లో ఒక అద్దె గదిలో చాపలు పరిచి ఆడవాళ్లను కూర్చోబెడుతుంది. చెరుకు కొట్టడానికి పోయి, కూలీలను తోలుకుపోయే ముకద్దం చేతిలో తన్నులు తిని వచ్చినవాళ్లు, తాగి వచ్చిన మొగుడు చేయి విరిస్తే వచ్చినవాళ్లు, పొలం గట్టు తగాదాలో కొడుకును పోగొట్టుకున్నవాళ్లు. ఎవరైనా మాట్లాడితే మిగతావాళ్లు వింటారు. మాట్లాడకపోయినా ఫరవాలేదు. భీమమ్మ గోడకు ఆనుకుని, కొంగు పట్టుకుని కూర్చునేది. ఎవరి కథ విన్నా కళ్లు తుడుచుకునేది గాని, తనది చెప్పేది కాదు.

"ఊకె కూసోవెడితే ఏమైతది దానికి? చేతికి పని ఇయ్యాలె" అంది ఆబెదా ఒకరోజు కూతురుతో. "మా కొట్టుకు తోల్కరా."

అట్లా భీమమ్మ ఆబెదా ఇంటి వెనక గదిలోకి, కొట్టులో చివరి పొయ్యి ముందుకి వచ్చింది.

వచ్చిన కొన్నాళ్లకే ఒక సంగతి జరిగింది. ఆబెదా కాలుతున్న పెనాన్ని పట్కారుతో పట్టి, భీమమ్మ తల పక్కనుంచి పక్క పొయ్యి మీదికి మార్చబోయింది. భీమమ్మ పిండి గిన్నె తన్నేసి, సందులోకి ఉరికింది. ఒక గోడ మూలకు పోయి, రెండు చేతులతో నోరు మూసుకుని, ముడుచుకుని కూర్చుంది. చీర తడిసిపోయింది. సిద్రా వచ్చి, దూరంగా నేల మీద కూర్చుని, "పెద్దమ్మా, నేను సిద్రాను. ఇది ఖేడ్. నీ కాళ్ల కింద బండ ఉన్నది సూడు. సల్లగున్నదా? వేళ్లు ఆనిచ్చి సూడు" అని మెల్లగా చెబుతూనే ఉంది. చాలాసేపటికి భీమమ్మ కాలి వేళ్లు కదిలాయి.

"బండ మంచిగనే ఉన్నది బిడ్డా," అంది. పళ్లు లేని నోట్లోంచి మాట సగం గాలిగా వచ్చింది. "బండతోని నాకేం తక్లీఫ్ లేదు."

ఆ సాయంత్రమే ఆబెదా కొట్టులో ఉన్న పట్కార్లన్నీ ఏరి పాత ఇనుము వాడికి ఇచ్చేసింది. ఆ తర్వాత ఆ కొట్టులో అందరూ మందపాటి గుడ్డలతోనే పెనాలు పట్టుకుంటున్నారు. చేతులు కాలినప్పుడు పనివాళ్లు ఒకటి రెండు మాటలు అనుకుంటారు గాని, భీమమ్మ వినేలా అనరు.

మాట మెల్లగా వచ్చింది. మంగళవారాల్లో కాదు, కొట్టు కట్టేశాక పెనాలు తోముతున్నప్పుడు సిద్రాకు ఒక్కదానికే చెప్పేది. నల్లా దగ్గర ఎవరు పట్టుకున్నారు, తాడు ఎవరి ఇంటి నుంచి వచ్చింది, ఎవరు నవ్వారు, ఎవరు తల తిప్పుకున్నారు అన్నీ చెప్పింది. కానీ ప్రతిసారీ ఒకే చోట ఆగిపోయేది.

"అప్పుడు మా సంగమేశ్ ఉరికొచ్చిండు," అనేది. ఆ తర్వాత పెనం తోమేది.

"వచ్చినంక?" అని సిద్రా ఒకసారి అడిగింది.

"వచ్చినంక ఏమున్నది? వచ్చిండు."

సిద్రా మళ్లీ అడగలేదు.

సంస్థ పెద్ద ప్రేమదాసు హైదరాబాద్ నుంచి నెలకోసారి వస్తాడు. మంచి మనిషి. ఆడవాళ్లతో సమంగా చాప మీదే కూర్చుంటాడు. భీమమ్మ రొట్టెను పప్పులో నానబెట్టి, ముద్దలు చేసి మింగడం ఆయనే గమనించాడు. సంగారెడ్డిలో పళ్ల డాక్టరుతో మాట్లాడి కట్టుడు పళ్లు చేయించాడు. సిద్రా ఆమెను వెంటబెట్టుకుని బస్సులో తిప్పింది. డాక్టరు చేతిలో పనిముట్టు కనబడకుండా గుడ్డ కప్పమని ముందే చెప్పింది. అయినా కొలత తీసుకునే నాడు భీమమ్మ సిద్రా మణికట్టును పట్టుకున్న పట్టుకు గోళ్లు దిగాయి.

పళ్లు పెట్టిన తర్వాత డాక్టరు అద్దం ఇచ్చాడు. భీమమ్మ అందులో చూసుకుని, "ఎవలిదో మూతి లెక్కున్నది" అంది. కానీ అద్దం వెంటనే తిరిగి ఇవ్వలేదు.

చిగుళ్లు పుండ్లుపడ్డాయి, మానాయి. మాట తేటబడింది. కొంగు చెవి వెనక నుంచి భుజం మీదికి వచ్చింది. ఒకరోజు పొయ్యి మీంచి దించిన రొట్టెను వేడి వేడిగా, కారం అద్దుకుని, కరకరా నమిలి తిన్నది. ఆబెదా చూసి చూడనట్టు ఇంకో రొట్టె ఆమె ముందు వేసింది. మరికొన్నాళ్లకు పిండి చరుస్తూ చరుస్తూ ఏదో పాట ఎత్తుకుంది. పక్కవాళ్ల చేతులు ఆగిపోయాయి. చప్పుడు తగ్గేసరికి భీమమ్మ ఉలిక్కిపడి నోరు మూసుకుంది.

"ఆపినవేంది?" అంది ఆబెదా. "పాడు. పాడుకుంట జల్దీ జల్దీ కానియ్యి, బీదర్ బస్సొచ్చే టైమైంది."

ఆ రోజు ఇంటికి పోయి సిద్రా తన గదిలో ఒంటరిగా ఏడ్చింది. తన పనిలో అట్లాంటి రోజులు ఎక్కువ రావు.

భీమమ్మ పాడిందన్న మాట ప్రేమదాసుకు చేరింది. ఆయనకు ఎంతో సంతోషమైంది. బాణామతి లేదని చెప్పే సదస్సు ఒకటి ఆ ఊళ్లోనే పెడదామన్నాడు. "భీమమ్మ తన ఊర్ల తను నిలబడాలె సిద్రా. దాచిపెట్టినంత కాలం తప్పు చేసినట్టే ఉంటది" అన్నాడు. సిద్రా తటపటాయించింది. సంగమేశ్‌తో ముందు మాట్లాడదామంది, ఇంకా కొంత కాలం ఆగుదామంది. కానీ భీమమ్మే పోతానంది.

"మనవరాలిని సూసి ఏడాదైతున్నది బిడ్డా. పోదం. నలుగురున్నప్పుడు పోతెనే నాకు ధైర్నం."

సదస్సు బడి ముందు పెట్టారు. అధికారులు వచ్చారు. హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రవాళ్లు అరచేతిలో కర్పూరం వెలిగించి చూపించారు. కొబ్బరికాయ కొడితే నెత్తురు ఎట్లా వస్తుందో చూపించి, అందులో కలిపిన రంగును కూడా చూపించారు. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. జగదీశ్వర్ ముందు వరుసలో కుర్చీలో కూర్చుని తానూ చప్పట్లు కొట్టాడు. ఒక అధికారి ఆయన భుజం తట్టి మాట్లాడాడు.

తర్వాత ప్రేమదాసు భీమమ్మ చేయి పట్టుకుని స్టేజి ఎక్కించాడు. "ఈ తల్లిని మీరందరు ఎరుగుదురు. ఈమెకు జరిగింది మీకెరికే. ఇయ్యాల ఈమెకు మల్ల పండ్లొచ్చినయ్, మాటొచ్చింది, పాటొచ్చింది. అమ్మా, ఒక్క పాట పాడు" అన్నాడు.

భీమమ్మ జనంలోకి చూసింది. బడిపిల్లల్లో రెండు జడలు వేసుకున్న మనవరాలు కనబడింది. పిల్ల చేయి ఊపింది. భీమమ్మ మనసారా నవ్వింది. ఎండకు ఆమె పళ్లు తళుక్కుమన్నాయి. ఆ నవ్వుతోనే, ఎప్పుడూ పాడుకునే ఒక నాట్ల పాట ఎత్తుకుంది.

మొదటి చరణం పూర్తి కాకముందే చప్పట్లూ నవ్వులూ ఆగిపోయాయి. ఒకామె ఒళ్లో ఉన్న పిల్లవాడి ముఖాన్ని కొంగుతో కప్పేసింది. వెనక నుంచి ఒక్కొక్కరే లేచి వెళ్లిపోవడం స్టేజి మీద ఆమె పక్కన నిలబడ్డ సిద్రాకు స్పష్టంగా కనబడింది. జగదీశ్వర్ మాత్రం లేవలేదు. భీమమ్మ నోటి వైపే చూస్తూ కూర్చున్నాడు. కోడలు మనవరాలి రెక్క పట్టుకుని ఇంటికి లాక్కుపోయింది. భీమమ్మ పాట చివరిదాకా పాడింది. ఆపితే ఏమవుతుందోనన్న భయంతో పాడింది.

ఆమె నవ్వుతున్న ఫొటో ఒకటి తీశారు. చాలా మంచి ఫొటో. ప్రేమదాసు దాన్ని ఎక్కడెక్కడి మీటింగుల్లోనో గోడ మీద వేసి చూపించాడని సిద్రా తర్వాత విన్నది.

సదస్సు అయిన వారంలోనే సంగమేశ్ ఖేడ్‌కు వచ్చాడు. మధ్యాహ్నం వేళ. కొట్టులో గిరాకీ తగ్గింది. భీమమ్మ, సిద్రా వెనక గది అరుగు మీద కూర్చుని ఉన్నారు. అతను మెట్టు మీదే నిలబడిపోయాడు.

"అవ్వా, గా పండ్లు తియ్యి."

భీమమ్మకు అర్థం కాలేదు. "కడుగనీకా?" అంది.

"కడుగనీకి గాదు. ఇగ పెట్టుకోకు."

"ఏమన్నా, ఏం మాట్లాడుతున్నవ్?" అంది సిద్రా.

"ఊర్లె మమ్మల్ని బతుకనిస్తలేరక్కా. పండ్లొస్తె మంత్రమొచ్చినట్టే అంటున్రు. సదస్సు తెల్లారే పటేల్ కోడలు సునీతమ్మ మల్ల కిందపడ్డది. మా పోరిని నల్లకాడ బిందె వెట్టనిస్తలేరు. బడిల దాని పక్కన ఎవలు కూసుంటలేరు. నన్ను పనికి పిలుస్తలేరు." అతను తల్లి వైపు చూడకుండా సిద్రాతోనే చెప్పాడు. "కులపోళ్లు, పటేల్లు కలిసి పంచాయతి వెట్టిన్రు. మీ అవ్వ ఊర్లెకొచ్చి, పాల సెంటర్ ముందట, అందరు సూస్తుంటె ఆ పండ్లు బండ మీద పెట్టి పలగ్గొట్టాలె అన్నరు. లేదంటె ఇంకో మాట చెప్పిన్రు."

"ఇంకో మాట ఏంది?" అంది భీమమ్మ.

"అది వద్దుతియ్యవ్వా."

"నువ్వు కన్నకొడుకువు. ఎట్ల అడుగుతున్నవన్నా ఆమెను గీ మాట?" సిద్రా లేచి నిలబడింది. "ఠాణాకు పోదం పా. నేనొస్త."

"మీరు ఠాణా అంటరు, సదస్సు అంటరు. అయినంక జీపెక్కి మీరు పోతరు. స్టేజి ఎక్కిచ్చింది మీరే గదక్కా?"

భీమమ్మ కొడుకు వైపు తిరిగింది.

"ఆ దినం గూడ నువ్వే అన్నవ్ గదరా," అంది. గొంతు పెంచలేదు. "పాల సెంటర్ కాడికి ఉరికొచ్చి, పటేల్ కాళ్ల మీద పడి, 'పండ్లు పీకుండ్రి పటేలా, పాణం తియ్యకుండ్రి' అన్నవ్."

సంగమేశ్ చప్పున తల్లి వైపు తిరిగాడు. "నీకు ఇనపడ్డదా?"

"చెవులు పీకలేదు గదరా."

అతను మెట్టు మీద కూలబడిపోయాడు. "పెట్రోలు పోస్తుండ్రి అవ్వా. అగ్గిపెట్టె తీసిండొకడు. ఏదో ఒకటి ఇయ్యకుంటె ఒప్పుకోరు అనిపిచ్చింది. గా గడియల నాకు అదొక్కటే తోచింది. అట్ల అనకుంటె నిన్ను అంటువెట్టేటోళ్లు."

"నాకెరికే. నా పాణం నిలవెట్టింది నువ్వే." భీమమ్మ చేతులకు అంటిన పిండిని గోటితో గీరుకుంటూ మాట్లాడింది. "తిడుదమంటె నోరు రాదు. దగ్గరికి తీసుకుందమంటె చెయ్యి రాదు. గదేరా నా బీమారి. జగదీశ్వర్ పటేల్ మీద కోపమొస్తె మన్ను వోస్త. నీ మీద ఏం పొయ్యాలె? గీ పిల్ల ఇన్ని మంగళారాలు కూసోవెట్టినా తగ్గనిది గదే."

సిద్రాకు అప్పుడు తెలిసింది, పెనాలు తోమేటప్పుడు ఆ కథ ఎక్కడ ఎందుకు ఆగిపోయేదో.

"మల్ల పీకిపిచ్చుకోను కొడకా," అంది భీమమ్మ. "నీ బిడ్డ కోసం గూడ పీకిపిచ్చుకోను. పాపమే కావచ్చు. కానీ నాతోని కాదు."

సంగమేశ్ లేచాడు. ఆబెదా తెచ్చిన చాయ్ ముట్టుకోలేదు. సందు చివరిదాకా పోయి ఒకసారి ఆగాడు గాని, వెనక్కి తిరగలేదు.

సిద్రా ఠాణాకు పోయింది. ప్రేమదాసుతో ఫోన్ల మీద ఫోన్లు చేయించింది. జీపు ఊళ్లోకి పోయింది. పోలీసులు అందరినీ కూర్చోబెట్టి, గొడవ చేస్తే ఊరుకునేది లేదని చెప్పి వచ్చారు. గొడవ ఎవరూ చేయలేదు. నల్లా దగ్గర ఒక పిల్ల బిందెను పక్కకు జరపడం గొడవ కిందికి రాదు. ప్రేమదాసు ఫోనులో, "మనం తప్పు చేసినమా సిద్రా?" అని అడిగాడు. ఆమె, "చేసినం సార్" అంది. ఆయన వచ్చే నెల కల్హేర్ దిక్కు మొదలుపెట్టాల్సిన పని గురించి అడిగాడు.

కొన్ని వారాలు గడిచాయి. ఒకరోజు పగలు, అన్నం వేళకు, మత్తయి ఆటో ఆపుకుని కొట్టు ముందు రొట్టె తింటున్నాడు. సంగమేశ్ సందులోకి వచ్చాడు. తలకు తువ్వాల చుట్టుకుని, చేతిలో స్టీలు టిఫిన్ పట్టుకుని ఉన్నాడు. ఉక్కపోతకు చెమట తుడుచుకోబోతే తువ్వాల జారింది. నున్నటి గుండు. మీసాలు కూడా లేవు.

"ఏందిరా సంగమేశ్, గుండు చేయించినవ్?" అన్నాడు మత్తయి రొట్టె పక్కన పెట్టి. "ఎవలు పోయిన్రు?"

సంగమేశ్ జారిన తువ్వాలను మళ్లీ తలకు చుట్టుకోబోయాడు. కొట్టులో చేతులన్నీ ఆగిపోయాయి. భీమమ్మ కొడుకు గుండు వైపు చూసింది, చేతిలోని టిఫిన్ వైపు చూసింది. వద్దని దాటేసిన ఆ రెండో మాట ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

"ఆని తల్లి పోయింది," అంది.

మత్తయి ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. "థూ!" అన్నాడు. తర్వాత ఎవరి మీద ఉమ్మాలో తెలియనట్టు ఆగిపోయాడు.

"పండ్ల జోలికి రామన్నరవ్వా," అన్నాడు సంగమేశ్. "మాకు అవ్వ లేదు, సచ్చిపోయింది అని అందరి ముందట ఒప్పుకొని దినం చెయ్యమన్నరు. చేస్తె మమ్మల్ని కలుపుకుంటమన్నరు. నిన్న చేసిన. ఊరందరు తిన్నరు. పటేల్ గూడ వచ్చిండు." టిఫిన్ ముందుకు చాపాడు. "మనింట్ల కూర వండితె నువ్వు తినకుండ ఎన్నడన్న ఉన్నమా? పోరి ఏడ్సింది, నాయినమ్మకు తీస్కపో అని."

ఆబెదా లేచి వచ్చి టిఫిన్‌ను అతని చేతిలోంచి కొట్టేయబోయింది. భీమమ్మ అడ్డం చేయి పెట్టి, తనే తీసుకుంది.

"పో," అంది. "బస్సు పోతది."

అతను వంగి ఆమె కాళ్లు ముట్టుకోబోయాడు. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది.

సిద్రా కబురు తెలిసి పరుగెత్తుకు వచ్చేసరికి భీమమ్మ వెనక గది అరుగు మీద టిఫిన్ విప్పుకుని కూర్చుని ఉంది. ఒక గిన్నెలో మాంసం కూర, ఒక గిన్నెలో అన్నం. కలుపుకుని తింటోంది. ఆబెదా ఆ పక్కనే, తినని తన భోజనం ముందు పెట్టుకుని, తోడుగా కూర్చుంది. సిద్రా వాకిట్లోనే నిలబడిపోయింది.

"పెద్దమ్మా, అది పారెయ్యి. నీకు దండం పెడుత."

"ఎందుకు పారెయ్యాలె? నా దినం కూరనే గద." భీమమ్మ ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. కళ్లలోంచి నీళ్లు అన్నంలోకి కారుతున్నాయి. ఆమె వాటిని తుడుచుకోలేదు. "ఉప్పు జర తక్కువైంది. మా కోడలికి అందాజ ఎన్నడు తెల్వది. నేనుంటె గిట్ల కాకపోవు."

సిద్రా చెప్పడానికి నేర్చుకున్న మాటలు చాలా ఉన్నాయి. వాటిని వదిలేసింది. పోయి ఆమె పక్కన కూర్చుంది. భీమమ్మ గిన్నె ఖాళీ అయ్యేదాకా తిని, టిఫిన్ తోమి, ఎండలో బోర్లించింది. తర్వాత పోయి చివరి పొయ్యి ముందు కూర్చుంది. ఆ సాయంత్రం కొట్టులో పిండి చరిచే చప్పుడు ఒక్కటే ఉంది.

సంగమేశ్ మళ్లీ రాలేదు. చచ్చిపోయిన మనిషి దగ్గరకు వస్తూ పోతూ ఉంటే ఊరికి తెలుస్తుంది. భీమమ్మ మంగళవారాలకు పోతూనే ఉంది. తన సంగతి ఇప్పుడు అందరి ముందూ చెబుతుంది, కొడుకు ఉరికొచ్చిన చోట ఆగకుండా. చెప్పాక ఏమన్నా తేలికైందా అని ఒకామె అడిగితే, "తేలికైతది. ఇంటికి వోయేసరికి మల్ల అంతే" అంది. రాత్రి నిద్ర ఎప్పుడన్నా పడుతుంది. పాట మాత్రం మళ్లీ ఎత్తుకోలేదు. పాడమని ఆబెదా కూడా అడగడం మానేసింది.

చలికాలం మొదట్లో మత్తయి ఊరి కబురు ఒకటి తెచ్చాడు. రొట్టెలు కట్టించుకుంటూ, చెప్పాలా వద్దా అని కాసేపు నసిగి, చెప్పాడు.

"నీ మనవరాలు నల్లకాడ నీళ్లు తెస్తున్నదక్కా. ఎవలు ఏమంటలేరు. సునీతమ్మకు గూడ మూర్చలు బందైనయ్. ఆమె తల్లిగారోళ్లు వచ్చి, సంగారెడ్డిల పెద్ద డాక్టర్‌కు సూపిచ్చిన్రు. గోలీలు రాసిండు. రోజు యేసుకుంటున్నది. కానీ ఊర్లె ఏమంటున్రంటె..." అతను ఆగాడు.

"చెప్పు, మత్తయ్యా."

"భీమమ్మ దినం చేసినంకనే తగ్గింది అంటున్రు."

పక్కన నిలబడ్డ సిద్రా ముఖం ఎర్రబడింది. భీమమ్మ పెనం మీద రొట్టెను తిరగేసింది. అది పొంగింది. గుడ్డతో అదిమి, పొగ పోనిచ్చింది.

"సునీతమ్మ మంచిగున్నది గద?" అంది.

"మంచిగున్నది."

"గోలీలు మరువకుండ యేసుకొమ్మని చెప్పు. మంచిగైంది గదా అని ఆపుతరు గీళ్లు, ఆపొద్దను." రొట్టెను దించి, కాగితంలో చుట్టి మత్తయి చేతికిచ్చింది. "ఆమె గోలీలు ఆపిందంటె ఊర్లె నేను మల్ల బతికొస్త."